అయ్య తెరచాప మీద నేను వేసిన తెలుపు

మ్యూజియంలో ఏం పని చేశావని ఎవరైనా అడిగితే, సముద్రానికి రంగు వేశానని చెబుతాను. నవ్వుతారు. కానీ అబద్ధం కాదు. మా మ్యూజియంలో గాజు వెనకాల మట్టిబొమ్మలతో అమర్చిన దృశ్యాలు ఉంటాయి. పొలం దున్నడం, వారపు సంత, చేపల రేవు, ఇలాంటివి. బొమ్మల వెనక గోడ మీద కనిపించే ఆకాశం, కొండలు, నీళ్ళు నా చేతివే. బొమ్మల మొహాలకు రంగు వేయడం, చీరలు కట్టడం, ఏడాదికోసారి దుమ్ము దులిపి పెచ్చులూడిన చోట సరిచేయడం కూడా నా పనే.

ఈమధ్య మ్యూజియంలో కొత్తగా ఇద్దరు అమ్మాయిలు చేరారు. దివ్య, రోహిణి. బొమ్మలేసే చదువు కాలేజీలో చదువుకుని వచ్చారు. ఒకరోజు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "మీ అనుభవాలు రాసివ్వండమ్మా, మాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు" అన్నారు. నాది ఐదో తరగతి చదువు. అక్షరం మెల్లగా వస్తుంది. జ్ఞాపకం మాత్రం పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది. ఏ గ్రేడు ఎప్పుడొచ్చిందో ఆఫీసు కాగితాలు చెబుతాయి. అవి చెప్పనివి నేను రాస్తాను. అందులో ఒకటి చెప్పడానికి నాకు ఇన్నేళ్ళూ నోరు రాలేదు. దానికోసమే మిగతావి కూడా రాస్తున్నాను అనుకోండి.

సముద్రం ఆ రంగులో ఉండదు

మాది యారాడ దగ్గర చేపలు పట్టేవాళ్ళ వాడ. అయ్య తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని కొండ దాటి ఊళ్ళోకి వెళ్ళి అమ్మేది. నా పెళ్ళయిన కొత్తలో మ్యూజియం కడుతుంటే కూలికి వెళ్ళాను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బస్తాలు మోసే పని. లోపల సన్యాసయ్య మేస్త్రి గోడకు రంగులు వేస్తున్నాడు. సినిమా హాళ్ళకు, కొట్లకు బోర్డులు రాసి రాసి చెయ్యి తిరిగిన మనిషి. ఆరోజు సముద్రం వేస్తున్నాడు. చొక్కాలకు పెట్టే నీలిమందు బకెట్లో కలిపినట్టు, గోడంతా ఒకటే నీలం.

బస్తా దించి, ఊరుకోలేక అనేశాను.

"సముద్రం ఆ రంగులో ఉండదు మేస్త్రీ."

"మరే రంగులో ఉంటాదో?" వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఒకటే రంగైతే గదా సెప్పడానికి! ఒడ్డు కాడ మట్టి, ఆ తరవాత పాచి, ఆ తరవాత నీలం. కొండ నీడ పడిన కాడ నలుపు. మా అయ్య రంగు సూసి లోతు సెప్పీగలడు."

"అయితే మీ అయ్యని తీసుకొచ్చీ. గోడ ఇచ్చీస్తాను."

"మా అయ్యెందుకు? నానున్నాను గదా."

కూలీలంతా పకపకా నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. కుంచె నా చేతిలో పెట్టి, "ఏదీ, ఎయ్యి సూద్దాం. పాడుసేసినావో, రేపట్నుంచి రెండేసి బస్తాలు మోయిస్తాను" అన్నాడు.

ఒక మూలకు, నా పైటంత మేర వేశాను. చాలాసేపు చూశాడు. "బస్తాలు ఇంకెవరి సేతైనా మోయించండి" అని అటువైపు కేకేశాడు. అలా వచ్చాను నేను ఈ పనిలోకి. సిఫారసు లేదు, పరీక్ష లేదు. ఉన్నమాట అన్నందుకు దొరికిన పని.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కూలిదాన్నిగా ఉన్నప్పుడు నాకు అంత నోరుంది. పోగొట్టుకోవడానికి ఏమీ లేదు కదా.

ఎరుపు మొండిది

మేస్త్రి తిట్టకుండా ఏదీ నేర్పలేదు. తిడుతూ మాత్రం అన్నీ నేర్పాడు. మొహానికి రంగు వేసేటప్పుడు కళ్ళు చివరికి వేయాలని, ముందే వేస్తే అవి మనల్ని చూస్తూ పని చెయ్యనివ్వవని ఆయనే చెప్పాడు. ఇంకొకటి కూడా నేర్పాడు. అది నేర్పకపోయుంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

మార్కెట్టు దగ్గర అన్నదమ్ములిద్దరిది సోడాల కొట్టు ఉండేది. బోర్డు మీద ఇద్దరి పేర్లూ ఎర్రటి అక్షరాలతో మేస్త్రే రాశాడు. అన్నదమ్ములు పోట్లాడుకుని విడిపోయారు. తమ్ముడు వచ్చి అన్న పేరు తీసేయమన్నాడు. మేస్త్రి దాని మీద తెల్లరంగు కొట్టి, తమ్ముడి పేరు ఒక్కటే మిగిల్చి పంపించాడు. నెల తిరక్కుండా తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

"మేస్త్రీ! మా అన్న మళ్ళీ వొచ్చీసినాడు!"

"ఎక్కడికిరా?"

"బోర్డు మీదికి! నానేమో బయటికి గెంటీసినాను, ఆడేమో గులాబీరంగులో నవ్వుతన్నాడు. జనం వొచ్చి ‘మీ అన్న ఏడిరా’ అని అడుగుతన్నారు."

మేము వెళ్ళి చూస్తే నిజమే. తెలుపు లోంచి అన్న పేరు లేతగా పైకి ఊరింది. ఆరోజు మేస్త్రి నాకు చెప్పాడు. "ఎరుపు మొండిదే గుంటా. దాని మీద ఎన్ని తెలుపులేసినా నెలకో ఏడాదికో పైకొచ్చీస్తాది. దాని నోరు మూయించాలంటే ముందు లక్క పూయాల. స్పిరిట్‌లో కరిగించిన లక్క, పల్చగా రెండు కోటింగులు. అది ఆరేక తెలుపెయ్యి. ఇంక జన్మలో పైకి నెగవదు."

ఈసారి అలాగే చేశాం. అన్న మళ్ళీ రాలేదు. పనితనమంటే ఇదీ అని నేను మురిసిపోయాను.

ఆదివారం జనం

అమ్మాయిలూ, ఒక సలహా ఇస్తాను. మీరు వేసింది బాగుందో లేదో ఆఫీసరును అడగొద్దు. ఆదివారం మధ్యాహ్నం కుటుంబాలు వచ్చే వేళకు వాళ్ళ వెనకాల వెళ్ళి నిలబడండి. పెద్దపెద్దవాళ్ళు వచ్చినప్పుడు గోడ మీది కాగితం చదివి ముందుకు వెళ్ళిపోతారు. ఇంటిల్లిపాదీ కలిసి వచ్చినవాళ్ళే బొమ్మను చూస్తారు. తండ్రి పిల్లలకు ఏదో తప్పు చెబుతాడు. తల్లి దాన్ని సరిచేస్తుంది. వెనక నుంచి ముసలాయనో ముసలావిడో వచ్చి ఇద్దరిదీ తప్పంటారు. అక్కడ మొదలవుతుంది అసలు మ్యూజియం.

ఒకసారి ఎలమంచిలి వైపు నుంచి రైతు కుటుంబం వచ్చింది. పొలం దున్నే దృశ్యం ముందు ఆగారు. ఎడ్లు, కాడి, నాగలి, అన్నీ నేనే క్యాలెండరు బొమ్మ చూసి చేశాను. అందరూ బాగుందంటున్నారు. ముసలాయన మాత్రం గాజుకు ముక్కు ఆనించి చూసి, "ఇది సేసినోళ్ళెవరో గానీ, ఆళ్ళింట్లో ఎద్దు నేదు" అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. "నానే సేసినాను తాతా. ఏటైపోనాది?"

"ఏటైపోనాదా? కాడి మూపురం ముందర మెడ మీదుండాల. నువ్వు కొమ్ముల కాడ ఎట్టినావు. అది తలొంచినాదంటే కాడి జారి ముక్కు మీదడతాది. మీదేటి తల్లీ, ఎవసాయం కాదేటి?"

"కాదు తాతా. సేపలోళ్ళం."

"అలగ సెప్పు! అయితే సేపల బొమ్మ బాగా సేసుంటావు. పద, అది సూద్దాం."

"అదింకా అవ్వనేదు తాతా."

"అయినాక మళ్ళీ వొత్తాం. నీ వొంటి మీద తెలిసింది సేసినప్పుడు సూడాల నీ పని" అన్నాడు.

సోమవారం మ్యూజియానికి సెలవు. ఎవరినీ అడక్కుండానే తాళం తీసి కాడి సరిచేశాను. మంగళవారం మూర్తి గారు చూశారు. మూర్తి గారంటే అప్పటి మా ఆఫీసరు. "కాడి మారినట్టుందే?" అన్నారు. "ముందు తప్పుగా ఉంది సార్" అన్నాను. "మంచిది" అని వెళ్ళిపోయారు. అంతే. ఆయన ఎలాంటి మనిషో ఆరోజే నేను తెలుసుకోవాల్సింది.

ఆ మరక ఏమిటి

తరవాత చేపల రేవు దృశ్యం. అప్పటికి మేస్త్రి చూపు తగ్గి పని మానేశాడు. మొత్తం నాదే. ముందర గంప పట్టుకున్న ఆడమనిషి బొమ్మ, వలలు, తెప్ప. వెనక గోడ మీద వేట నుంచి తిరిగొస్తున్న ఆరు తెరచాపలు.

ఇక్కడ మా వాడలో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. పొద్దెక్కేక ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని తెరచాపలు చూసేవారు. అంత దూరం నుంచి మనిషి కనబడడు కదా. తెరచాప మీది అతుకును బట్టి ఎవరిదో పోల్చుకునేవారు. చిరిగిన చోట ప్రతి ఇల్లాలూ తన పాత చీర ముక్కే వేసి కుట్టేది. కావాలనే కంటికి ఆనే రంగు వేసేది. మా అయ్య తెరచాపకు అమ్మ తన కుంకుమరంగు నేతచీర ముక్క వేసింది. చిరుగు వంకరగా ఉంది కాబట్టి అతుకూ వంకరే. "అదిగోనే, వంకరెరుపు వొచ్చీసినాది" అనేవారు వాడలో ఆడవాళ్ళు. అమ్మ అప్పుడు కూర్చునేది. అంతవరకూ కూర్చునేది కాదు.

తరవాత ఇంజన్లు వచ్చాయి. తెరచాపలు పోయాయి. అయ్యది కూడా కొన్నాళ్ళు చేపలు ఎండబెట్టడానికి పరిచి, చివికిపోతే పారేశాం. ఆ తరవాత అయ్య దగ్గుతో మంచం పట్టి పోయాడు. ఆయనకు ఒక్క ఫొటో లేదు.

చేపల రేవు వేస్తున్నానని తెలిసి అమ్మ అడిగింది.

"గోడ మీద ఏటేస్తన్నావే?"

"తెప్పలమ్మా. తిరిగొస్తన్నవి. ఆరు."

"అందులో మీ అయ్యది ఉన్నాదా?"

"ఎయ్యమంటావేటి?"

"అదెయ్యకపోతే ఇంకెందుకే నువ్వక్కడ?"

ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆ చీరలో మిగిలిన గుడ్డపేలిక తీసి ఇచ్చింది, రంగు సరిచూసుకోమని. మూడు రోజులు కలిపితే గాని ఆ ఎరుపు రాలేదు. కుడి నుంచి నాలుగో తెరచాప మీద వంకర అతుకు వేశాను. కుట్టు కూడా వేశాను, పెద్దపెద్ద కుట్లు, అమ్మ వేసినట్టే. దూరంగా వచ్చి చూశాను. అయ్య వస్తున్నాడు.

దృశ్యం తెరిచే ముందు రోజు మూర్తి గారు చూడ్డానికి వచ్చారు. మర్నాడు పైనుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. అన్నీ చూసి, తెరచాపల దగ్గర ఆగారు.

"రత్నం, ఆ నాలుగోదాని మీద మరక ఏమిటి?"

నేను నోరు తెరిచేలోపు అటెండరు వచ్చి ఫోనొచ్చిందన్నాడు. ఆయన వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఆయన అడిగింది ఆ ఒక్క మాటే.

నేను అక్కడే నిలబడిపోయాను. నన్ను పర్మనెంటు చేసే కాగితం అప్పుడు ఆయన బల్ల మీద ఉంది. ఇద్దరు పిల్లలు. మా ఆయనది ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర లారీ మీద పని, ఉన్నరోజు ఉంది, లేనిరోజు లేదు. మరక అన్నారంటే నచ్చలేదనే కదా. నచ్చలేదంటే తీసేయమనే కదా. రేపు వచ్చే పెద్దవాళ్ళు కూడా మరకే అంటే? ఇలా ఆయన అనని మాటలన్నీ ఆయన తరఫున నేనే అనుకున్నాను. అరిచే ఆఫీసరు దగ్గర మనకూ నోరు లేస్తుంది. మెత్తగా మాట్లాడేవాళ్ళ దగ్గరే ఈ చిక్కు. వాళ్ళ కోపాన్ని కూడా మనమే తయారుచేసుకుంటాం.

మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు లక్క సీసా తీశాను. పల్చగా రెండు కోటింగులు. ఆరేక తెలుపు. మిగతా తెరచాపల మడతలకు కలిసిపోయేలా నీడలు కూడా వేశాను. ఏమాటకామాటే చెప్పాలి, నా చేతి మీదుగా అంత శుభ్రంగా జరిగిన పని ఇంకోటి లేదు. అక్కడ ఏదో ఉండేదని దేవుడు కూడా కనిపెట్టలేడు.

మర్నాడు పెద్దవాళ్ళు వచ్చారు. ఆ దృశ్యం ముందు ఆగనే లేదు. టీ తాగి వెళ్ళిపోయారు.

అమ్మ వచ్చిన రోజు

ఆ ఆదివారమే అమ్మ ప్రయాణమైంది. నేను వద్దనడానికి చూశాను, జనం ఎక్కువుంటారని, ఎండగా ఉందని. వినదే. మా ఆయన, పిల్లలు, మేం అప్ప అని పిలిచే మా అక్క, బావ, వాళ్ళ పిల్లలు, అందరూ కొత్త బట్టలు కట్టుకుని బస్సెక్కారు. మా ఇంట్లో మ్యూజియానికి వెళ్ళడం అదే మొదలు. గేటు దగ్గర వాచ్‌మన్ అమ్మ టిఫిను క్యారియరు మూత తీయించి, "లోపలికి సేపలు తేకూడదమ్మా" అన్నాడు.

"లోపల గోడ నిండా సేపలెట్టుకొని నా టిపినీని బయటెట్టమంటావేటి నాయినా?" అంది అమ్మ. వాచ్‌మన్ నవ్వి తన కుర్చీ కింద పెట్టుకున్నాడు. "తినీకు మరి!" అని వెనక్కి తిరిగి బెదిరించింది.

రేవు దృశ్యం దగ్గరికి వచ్చాం. ముందు గంప పట్టుకున్న బొమ్మను చూసింది.

"ఎవులే ఈవిడ? ఇలగ నడుం తిప్పుకొని గంపెత్తితే మొదటి మలుపులోనే పడిపోతాది."

బావ అందుకున్నాడు. "అత్తా, ఆవిడ నీలాగ సేపలమ్మడానికి పోతన్నాదేటి? పొటో దిగడానికి పోతన్నాది."

అందరూ నవ్వుతున్నారు. అమ్మ కూడా నవ్వుతూనే కళ్ళెత్తి వెనక గోడకేసి చూసింది. నవ్వు ఆపింది. గాజు మీద లైటు పడి మెరుస్తుంటే, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుంది. అచ్చం ఒడ్డున నిలబడినట్టే. కుడి నుంచి ఎడమకు చూసింది. ఎడమ నుంచి కుడికి చూసింది. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. ఆరూ ఉన్నాయి. మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"మీ అయ్య ఇంకా రానేదేటే?" అంది.

పిల్లలు ముందుకు వెళ్ళిపోయారు. మా ఆయన నా మొహంకేసి చూశాడు. ఆయనకు తెలుసు నేను వేశానని. చెరిపానని తెలీదు. నేను చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది. అది చెప్పలేదు.

"ఆపీసరుగోరు సెరిపీమన్నారమ్మా. మరకలాగున్నాదన్నారు."

అమ్మ చెయ్యి దించింది. "మరకా?" అంది. అక్కడున్న బల్ల మీద కూర్చోమంటే కూర్చోలేదు. మేమందరం చెట్టు కింద పులిహోర, చేపలు తింటుంటే కూడా గోడకు ఆనుకుని నిలబడే ఉంది.

మూర్తి గారు భోజనానికి వచ్చారు

నా పర్మనెంటు కాగితం వచ్చింది. అది ఆ తెలుపు వేయకపోయినా వచ్చేదే. నేను ఆ తెలుపు వేసేనాటికే ఆయన సంతకం పెట్టేశారు. కాగితం మీద తేదీ చూసినప్పుడు తెలిసింది.

రెండేళ్ళకు ఆయనకు బదిలీ అయింది. వెళ్ళేలోపు మీ వాడ చూపించు అన్నారు. భార్యను తీసుకుని వచ్చారు. భోజనం పెట్టాను. అమ్మ ఆ రెండేళ్ళూ ఆయన్ను తిట్టని రోజు లేదు. కొంగు మీద ఇంత ఎరుపు కనబడితే చాలు, "మరకంట!" అనేది. ఆరోజు కూడా గుమ్మంలో కూర్చుంది, లోపలికి రాలేదు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి బయటికి వస్తే చెంబు ఇవ్వలేదు.

"బాబూ, ఒక్క మాటడుగుతాను. మా ఆయన తెరసాప నీకేటి సేసినాది? గోడంత సముద్రం ఉన్నాది గదా మీకాడ. సెయ్యంత గుడ్డముక్క. దాన్ని సెరిపించీసి నువ్వేటి బావుకున్నావు?"

మూర్తి గారు ఎంగిలిచేత్తో అలాగే నిలబడ్డారు. అమ్మను చూశారు. గుమ్మం లోపలున్న నన్ను చూశారు. నేను తల దించుకున్నాను. ఆయనకు అర్థమైపోయింది.

"తప్పయిపోయిందమ్మా" అన్నారు. "నాకు తెలీలేదు. మన్నించండి."

అమ్మ చెంబు తీసి ఆయన చేతుల మీద నీళ్ళు పోసింది.

వాళ్ళను బస్సు దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. దారిలో ఆయన మెల్లగా అన్నారు. "నేను ఏమడిగానో గుర్తుందా రత్నం? ఆ మరక ఏమిటని అడిగాను. తెలుసుకుందామని అడిగాను. నువ్వు జవాబు చెబుతావనుకున్నాను."

ఏడుపొచ్చింది. "బయమేసింది సార్" అన్నాను.

"నా వల్లా?" అన్నారు. "అయితే నా తప్పు కూడా ఉంది. నేను ఆగి వినాల్సింది. ఇంకా పదిహేను రోజులుంటాను. ఈలోపు మళ్ళీ వేసేయ్. ఎవరైనా అడిగితే నేనే వేయమన్నానని చెప్పు."

నా సర్వీసులో చాలామంది ఆఫీసర్లను చూశాను. కేకలేసినవాళ్ళు, నా బొమ్మ ముందు నిలబడి తామే వేసినట్టు చెప్పుకున్నవాళ్ళు. చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని, ఒక చేపలమ్మే ముసలమ్మకు మన్నించమని చెప్పిన మనిషి ఆయన ఒక్కరే. అలాంటి మనిషికి భయపడ్డాను నేను.

తాళంచెవి

వేశానా? వేయలేదు.

అమ్మకు అప్పటికి శుక్లాలు. ఆపరేషను చేయించి, చూపు వచ్చాక, అప్పుడు వేసి చూపిద్దాం, బాగా కనబడుతుంది కదా అనుకున్నాను. సీతమ్మధారలో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. వానాకాలం పోనివ్వండి అన్నాడు. వానాకాలం పోకుండానే అమ్మ పోయింది. జ్వరం, నాలుగు రోజులు. మూర్తి గారు చెప్పిన పదిహేను రోజులు ఎప్పుడు గడిచాయో కూడా నేను చూసుకోలేదు.

ఆ తరవాత కూడా తాళంచెవి నా దగ్గరే ఉంది, రిటైరయ్యే రోజు వరకు. ఏడాదికోసారి ఆ గాజు లోపలికి వెళ్ళి దుమ్ము దులిపేదాన్ని. చెయ్యి చాపితే అందుతుంది. చూసేవాళ్ళే పోయాక ఇంకెవరి కోసం అనుకున్నాను. ఇది రెండో తప్పు. మొదటిదానికైనా భయమనే సాకుంది, దీనికి అదీ లేదు. మా పిల్లలు, అప్ప పిల్లలు, వాళ్ళ పిల్లలు, ఆదివారాలు ఎన్నిసార్లు ఆ గాజు ముందు నిలబడ్డారో. వాళ్ళలో ఒక్కరికీ వాళ్ళ తాత తెరచాప ఏదో తెలీదు. చూపించడానికి అక్కడ ఏముంది?

ఒకసారి మ్యూజియం హాల్లో కళాకారుల సభ పెట్టారు. స్వేచ్ఛగా బొమ్మ వేసుకునే హక్కు గురించి పెద్దపెద్దవాళ్ళు మాట్లాడారు. నన్నూ వెనక వరసలో కూర్చోబెట్టారు. చెరిపించేవాళ్ళ గురించి, బెదిరించేవాళ్ళ గురించి చాలా చెప్పారు. అవన్నీ నిజాలే. అలాంటి దెబ్బలు తిన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు నా దండం. కానీ చెరపమని ఎవరూ అనకముందే, సీసా మూత తానే తీసే చెయ్యి ఒకటి ఉంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. లేచి చెబుదామనుకున్నాను. ఐదో తరగతిదాన్ని, నాకేం తెలుసని కూర్చుండిపోయాను. అది కూడా ఆ చెయ్యే, నా నోటి మీద.

మీకు అప్పజెప్పేది

ఇప్పుడు టిక్కెట్టు కొనుక్కుని వెళ్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం, అందరిలాగే. రేవు దృశ్యం ముందు నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగోదాన్ని చూస్తాను. సోడాల కొట్టు అన్నలాగ, ఇంత గులాబీరంగైనా పైకి ఊరిందేమో అని. లేదు. పాలలాగ తెల్లగా ఉంది. పని రానిదాన్ని అయ్యుంటే, లక్క పూయడం మరిచిపోయి ఉంటే, అమ్మ ఉండగానే అయ్య వచ్చేసేవాడు. నేర్చుకున్న పనంతా నేను అక్కడే చూపించాను.

నాకు ఇప్పుడు చెయ్యి వణుకుతోంది. కాబట్టి అమ్మాయిలూ, ఇది మీకు అప్పజెబుతున్నాను. లక్క స్పిరిట్‌కు కరుగుతుంది. దూది పుల్లకు చుట్టి, స్పిరిట్‌లో ముంచి పిండి, ఒక్కో గోరంత చోటు తుడవండి. మీద తెలుపు మెత్తబడి దూదికి అంటుకుంటుంది. ఎరుపు కనబడగానే ఆగండి. తొందరపడితే అదీ వచ్చేస్తుంది. కుట్లు నల్లగా పెద్దవిగా ఉంటాయి, అవి పోనివ్వొద్దు. మీ ఆఫీసరమ్మకు ముందే చెప్పండి. దొంగతనంగా చేయొద్దు. దొంగతనంగా చేసింది నేను, చాలు.

అది బయటపడ్డాక ఎవరో ఒకరు వచ్చి, ఆ తెరచాప మీద మరక ఏమిటని అడుగుతారు. ఆఫీసరే కావచ్చు, ఆదివారం వచ్చిన పిల్లాడే కావచ్చు. అడిగినవాళ్ళు కోపంతో అడిగారని అనుకోకండి. వాళ్ళు వెళ్ళిపోతుంటే ఆపి మరీ చెప్పండి. అది యారాడ దగ్గర వాడలో ఒకావిడ తన చీర చింపి కుట్టిన అతుకు, అది కనబడేదాకా ఆవిడ కూర్చునేది కాదు అని.